నాలుగు వేళ్ళ దూరం

ఆ వేసవిలో నేను మూడు వందల ఎనభై ఆరు మంది మోకాళ్ళు కొలిచాను. మోకాళ్ళతో పాటు కూర్చున్నప్పుడు తల ఎత్తు, కంటి ఎత్తు, భుజాల వెడల్పు, చెయ్యి చాపితే వేలి కొస ఎంతదాకా అందుతుంది, తుంటి నుంచి మోకాలి చిప్పకు ఎంత, చిప్ప నుంచి మడమకు ఎంత. మనిషికి పన్నెండు కొలతలు. విమానాల కర్మాగారంలో, పెయింటు షాపు వెనక, కిటికీ సగమే తెరుచుకునే రేకుల గది నాది. పొద్దున పదింటికే గోడలు కాలేవి. పైలట్లు, పైలట్లు కాబోయేవాళ్ళు చెప్పులు విప్పి బెంచీ మీద వరసగా కూర్చునేవాళ్ళు. సాక్సుల కంపు, చెమట, పక్కనుంచి పెయింటు ఘాటు. ఒకడికి చక్కిలిగింత. ఇంకొకడు ఊపిరి బిగబట్టి రెండు వేళ్ళు ఎత్తు పెరగాలని చూసేవాడు. నేను పట్టించుకునేదాన్ని కాదు. టేపు పెట్టాలి, అంకె చూడాలి, రాయాలి. పదకొండేళ్ళుగా అదే పని.

కొత్త శిక్షణ విమానం తయారవుతోంది. మొదటి రెండింటి డొల్లలు అప్పటికే షెడ్డులో ఉన్నాయి. లోపల సీటు ఎక్కడ, కాళ్ళ కింద పెడళ్ళు ఎక్కడ, మీటలు ఎక్కడ అన్నది ఖాయం చేయడమే మిగిలింది. ఆ విభాగానికి పెద్ద మా ఆయన. నేను కొలిచి ఇస్తే ఆయన గీస్తారు. పెళ్ళయిన కొత్తలో అందరూ మమ్మల్ని చూసి, టేపూ పెన్సిలూ అని నవ్వేవాళ్ళు. నాకు ముచ్చటగానే ఉండేది.

డ్రాయింగు గదిలో ఒక చెక్క బొమ్మ ఉండేది. మనిషంత బొమ్మ, కీళ్ళన్నీ కదులుతాయి. ఎప్పటివో పాత కొలతల సగటు తీసి చేయించారు. కుర్రాళ్ళు దానికి అల్లుడుగారు అని పేరు పెట్టారు. ఏ మార్పు చెప్పినా ముందు అల్లుడుగారిని కూర్చోబెట్టి చూసేవాళ్ళు. "అల్లుడుగారికి మోకాలు తగులుతోందండీ, ప్యానెల్ వెనక్కి జరపాలి." "అల్లుడుగారికి ఎండ కొడుతోందట." ఆ మర్యాదలకు నేనూ పడీ పడీ నవ్వినదాన్నే. ఒక రోజు ఊరికే కూర్చుని, నా కాగితాల్లో అల్లుడుగారి పన్నెండు కొలతలూ సరిపోయిన మనిషి ఎవరున్నారా అని వెతికాను. ఒక్కరూ లేరు. చెయ్యి సరిపోయినవాడికి కాలు సరిపోలేదు, కాలు సరిపోయినవాడికి వీపు. మా ఆయనకు చెబితే, "సగటంటే అంతేగా మరి," అన్నారు.

రెండు వందల పదకొండో నంబరు మా ఆడపడుచు. ఇంట్లో, బయటా అందరికీ పిట్ట. మా ఇంట్లోనే ఉండేది. విమానం బడిలో రెండో ఏడు. పాత విమానంలో సీటు కింద రెండు దిండ్లు వేసుకుని, పెడళ్ళకు చెక్క ముక్కలు కట్టించుకుని ఎగిరేది. వానలు తగ్గాక కొత్త విమానం మీద శిక్షణ మొదలుపెట్టే మొదటి బ్యాచి దానిదే. కొలిచేటప్పుడు మడమలు ఎత్తబోతే తొడ మీద ఒకటి వేశాను.

"వదినవు కదా, ఒక వేలు కలపొచ్చుగా!"

"వదినను కాబట్టే కలపను. కింద పెట్టు కాలు."

అప్పుడు ఇద్దరం నవ్వుకున్నాం.

*

ఎండలు ముదిరేసరికి కొలతలు పూర్తయ్యాయి. ఒక సాయంత్రం మా ఆయన టైపు చేయించిన పట్టిక ఇంటికి తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టారు. స్నానానికి వెళ్ళారు. నా పనే కదా అని తీసి చూశాను. కొలతలు ఇచ్చినవారి సంఖ్య మూడు వందల నలభై ఏడు అని ఉంది.

పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఒక వాక్యం: "మిగిలిన ముప్పై తొమ్మిది పత్రాలు కొలిచినవారి పొరపాట్లుగా భావించి తొలగించడమైనది."

ఆయన తల తుడుచుకుంటూ వచ్చేదాకా నేను ఆ వాక్యం మీద వేలు పెట్టుకునే ఉన్నాను.

"ఇదేమిటండీ?"

"ఏది? ఓ, అదా." పళ్ళెంలోంచి ఒక పండు తీసుకుని కత్తితో తొక్క తీయడం మొదలుపెట్టారు. "మరీ చిన్న కొలతలు. వాటిని లెక్కలోకి తీసుకుంటే పెడళ్ళు ముందుకూ వెనక్కూ జరిగేలా పట్టాలు పెట్టాలి. దాంతో బరువు పెరుగుతుంది. వానలలోపు డ్రాయింగులు బయటికెళ్ళాలని చీఫ్ మాటిచ్చేశారు."

"అలాగని రాయండి. పొరపాట్లని ఎందుకు రాశారు?"

"ఏదో ఒక కారణం ఉండాలి కదా. నీ పేరెక్కడా వెయ్యలేదులే."

"కొలిచేది నేనొక్కదాన్నే."

"ఎవరు చూస్తారే అడుగున ఉన్న అక్షరాలు?"

తొక్క తెగకుండా చుట్టలు చుట్టలుగా బల్ల మీదికి దిగుతోంది. ఆయనకు అదొక నేర్పు. ముక్క కోసి నా ముందు పెట్టారు. తీసుకోబోయి ఆగాను. పదకొండేళ్ళు కొలతల్లో ఒక్క తప్పు పోనివ్వలేదని నన్ను నలుగురి ముందు పొగిడిన మనిషే నన్ను ముప్పై తొమ్మిది సార్లు తప్పు చేసిన దాన్ని చేశారు. పైగా అదేదో ఉప్పు తక్కువైందన్నట్టు చెబుతున్నారు. ఆ ముక్కను ఆయన వైపుకే జరిపాను.

"ఆ ముప్పై తొమ్మిదిలో పిట్ట ఉంది," అన్నాను.

"దానికేం, సర్దుకుంటుంది. ఎప్పుడూ దిండ్లు వేసుకునేదేగా."

*

అయితే దిండుతో సర్దుకునే విషయం కాదది. చూపు విమానం ముక్కు మీదుగా రన్‌వే మీద పడాలంటే పొట్టివాళ్ళు సీటు పైకి లేపుకోవాలి. సీటు లేస్తే పెడళ్ళు ఇంకా దూరమవుతాయి. కొత్త పెడళ్ళకు చెక్క ముక్కలు కట్టే వీలూ లేదు. దిగితే కాళ్ళు అందుతాయి కానీ బయట కనపడదు. పైగా గాలిలో విమానం అదుపు తప్పి బొంగరంలా తిరుగుతూ కిందికి రావడం అని ఒకటుంది. అందులోంచి బయటపడాలంటే ఒక పెడల్‌ను చివరంటా తొక్కి పట్టాలి. ఆ తిప్పుడుకు బెల్టు వదులుగా ఉన్నవాళ్ళు సీట్లోంచి ఎగిరి కప్పుకు కొట్టుకుంటారు. అందుకే కాలు అందిందా లేదా అన్నది ఎప్పుడూ బెల్టు బిగించాకే చూడాలి. ఇది ఆ విభాగంలో చేరిన మొదటి రోజు ఎవరికైనా చెప్పే సంగతి. నాకు చెప్పింది మా ఆయనే.

తొలకరికి ముందు, ఉక్కపోత భరించలేకుండా ఉన్న ఒక మధ్యాహ్నం, చెక్కతో చేసిన కాక్‌పిట్ నమూనాలో పరీక్ష పెట్టారు. చీఫ్ వచ్చారు. బొద్దు మనిషి, ఎవరు మాట్లాడుతున్నా గడియారం వంక చూసేవారు. పొడుగువాళ్ళు ఇద్దరు, మధ్యరకం ఇద్దరు కూర్చుని లేచారు. చిన్నవాళ్ళ తరఫున ఒకరుండాలి కదా అని మా ఆయనే చెల్లెల్ని పిలిపించారు. ఎక్కడా పేచీ రాదని ఆయన ధైర్యం.

పిట్ట ఎక్కింది. చూపు సరిపోయేదాకా సీటు లేపాం. బెల్టు నేనే బిగించాను. "తొక్కు," అన్నాను.

ఎడమ పెడల్ సగం వెళ్ళింది. ఇంకొంచెం వెళ్ళింది. పాదం కొస జారి కొట్టుకుంది. మళ్ళీ తొక్కింది. మెడ నరాలు తేలాయి. పెడల్ చివరికి ఇంకా నాలుగు వేళ్ళ దూరం ఉంది.

మా ఆయన వంగి చెల్లెలి చెవిలో ఏదో అన్నారు. ఆయన చెయ్యి బెల్టు మీదికి వెళ్ళడం, బకిల్ కొంచెం వదులవడం నేను చూశాను. పిట్ట నడుము ముందుకు జార్చి, సగం పడుకున్నట్టై, పెడల్‌ను చివరికంటా తొక్కింది. చెక్కకు చెక్క తగిలి టక్కుమంది.

"అందింది!" అన్నారు మా ఆయన.

"చూశారా? అనవసరంగా నెల రోజులు నానబెట్టారు," అన్నారు చీఫ్. "రాసుకోమ్మా."

నేను కలం తీయలేదు. "ఒక్క నిమిషం సార్, కాగితం మార్చుకొస్తాను," అని బయటికి వచ్చాను. పిట్ట నా వెనకే వచ్చి, చేతులు కడుక్కునే చోట నన్ను పట్టుకుంది. మొహమంతా చెమట.

"వదినా, అందిందని రాయి."

"అందలేదు కదే."

"అందింది. అందరూ చూశారు."

"బెల్టు వదిలితే ఎవరికైనా అందుతుంది. పైన విమానం తిరగడం మొదలెడితే ఏం చేస్తావు?"

"అప్పుడు చూసుకుంటాను. నా తిప్పలు నేను పడతాను. ఇప్పుడు రాయకపోతే నన్ను తీసేస్తారు, నీకు తెలీదా? ఎవరికోసం ఈ పట్టుదల నీకు?"

దానికి ఇరవై రెండేళ్ళు. ఎగరడం తప్ప దాని నోట ఇంకో మాట విన్నది లేదు. నేను దాని తడి చెయ్యి విడిపించుకుని లోపలికి వెళ్ళాను. రాశాను: "రెండు వందల పదకొండు. బెల్టు బిగించినప్పుడు ఎడమ పెడల్ చివరి వరకు అందలేదు. నాలుగు వేళ్ళ దూరం మిగిలింది." సంతకం పెట్టి చీఫ్‌కు ఇచ్చాను.

ఆయన చదివి మా ఆయన వంక చూశారు. మా ఆయన నేల చూపులు చూశారు.

అలా రాస్తే పెడళ్ళు మారుస్తారని నా నమ్మకం. పదకొండేళ్ళు ఆ గదిలో ఉండి కూడా నాకు అంత అమాయకత్వం ఎలా మిగిలిందో తెలియదు.

*

వారం తిరక్కుండా బడి నోటీసు బోర్డు మీద కాగితం పడింది. కొత్త విమానంలో పెడళ్ళను పూర్తిగా అందుకోలేనివాళ్ళు ప్రమాదకారులనీ, తుంటి నుంచి మడమకు ఇంత పొడవు లేనివాళ్ళను ఇకమీద శిక్షణలోకి తీసుకోరనీ, ఉన్నవాళ్ళను ఆపేస్తారనీ రాశారు. కింద ఆధారంగా నా కాగితం నంబరు వేశారు. పొరపాట్లన్నారే, అవే కొలతలు. గీత ఎక్కడ గీయాలో తేల్చడానికి మాత్రం బాగా పనికొచ్చాయి.

పిట్ట ఆ రోజు నడిచి ఇంటికొచ్చింది. బూట్లు విప్పి గుమ్మం పక్కన సర్ది పెట్టింది. ఏడవలేదు. "నువ్వు నన్ను కొలవకుండా ఉన్నా బాగుండేది వదినా," అని మాత్రం అని గదిలోకి పోయింది. ఇరవై రోజులు నాతో మాట్లాడలేదు. కంచం పెడితే తినేది, లేకపోతే లేదు.

మా ఆయన మాత్రం మాట్లాడారు.

"నేను బెల్టు వదిలింది దేనికనుకున్నావు? దానికోసమే. నువ్వేమో నిజం, నిజం అని... ఇప్పుడేమైంది? ఎవరికి కావాలి నీ నిజం?"

"మీకు చెల్లెలు కావాలా, డ్రాయింగు కావాలా?"

"రెండూ దక్కేవి. నువ్వు ఒక్క ముక్క రాస్తే రెండూ దక్కేవి."

గొంతులో బాధ ఉంది, కానీ దానికంటే ఎక్కువగా ఒక తేలిక ఉంది. తప్పు ఆయన మీదినుంచి దిగి నా మీదికి వచ్చింది కదా, ఆ తేలిక. ఆ రోజు నుంచి ఆయన తాగిన గ్లాసు ఎత్తాలన్నా నాకు ఒళ్ళు కంపరంగా ఉండేది. రెండు వేళ్ళతో పట్టుకుని తీసేదాన్ని.

ఏం చేయాలో తోచక తీసేసిన ముప్పై తొమ్మిది పత్రాలు మళ్ళీ ముందేసుకున్నాను. ఇరవై ఆరుగురు ఆడపిల్లలు. పదమూడు మంది మగవాళ్ళు. వాళ్ళలో యాభై ఎనిమిదో నంబరు దగ్గర ఆగిపోయాను. బడిలో అందరికంటే పెద్ద శిక్షకుడు. పాతికేళ్ళుగా ఎగురుతున్నాడు. చంకలో సొంత దిండు పెట్టుకుని విమానం దగ్గరికి వెళతాడని పిల్లలు దిండు మాష్టారు అంటారు. ఆయన కాళ్ళు పిట్ట కాళ్ళకన్నా పొట్టి.

ఎయిర్‌ఫీల్డుకు వెళ్ళి కలిశాను. వాన పడుతోంది, ఎవరూ ఎగరడం లేదు. టీ తెప్పించారు.

"నోటీసు చూశారా మాష్టారూ? ఆ లెక్కన మీరు కూడా ఎగరకూడదు."

పకపకా నవ్వారు. "నాకు మినహాయింపు ఇచ్చేస్తున్నారమ్మా. చీఫ్ స్వయంగా ఫోన్ చేశాడు. అనుభవం ఉందిగా."

"మరి మీ శిష్యురాలు?"

టీ కప్పులోకి చూశారు. "మంచి పిల్ల. చెయ్యి బాగా స్థిరం. కానీ ఏం చేస్తాం? చిన్నది, ఇంకేదైనా చూసుకుంటుంది."

"మీ తరఫున ఒక మాట..."

"నన్ను ఇందులోకి లాగకమ్మా. రిటైరయ్యే ముందు నా కాళ్ళ గురించి చర్చ ఎందుకు చెప్పు?"

టీ సగంలో వదిలి లేచాను. గొడుగు లేకుండానే వానలో నడిచాను. అందరూ మంచివాళ్ళే. ఎవరికీ ఆ పిల్ల మీద కోపం లేదు. దాన్ని తోసేసి తలుపు వేసుకోవడానికి కోపం అక్కర్లేదని ఆ రోజే చూశాను.

ఆఫీసుకు వెళ్ళి, తడి బట్టలతోనే కూర్చుని, పైనున్న విమాన భద్రతా విభాగానికి ఉత్తరం రాశాను. నియమం ప్రకారం ఆపాల్సినవాళ్ళు ముప్పై తొమ్మిది మంది, నంబర్లు ఇవీ, వాళ్ళలో నలుగురు ప్రస్తుతం పాఠాలు చెబుతున్న శిక్షకులు, ఒకరికి మినహాయింపు ఇవ్వబోతున్నట్టు తెలిసింది, బెల్టు బిగిస్తే అందని కాలు అనుభవంతో ఎలా అందుతుందో తెలియజేయగలరు, అని. నా పేరు, నా హోదా రాసి రిజిస్టరు పోస్టు చేశాను. మా ఆయనకు చెప్పలేదు.

పది రోజులకు జవాబు వచ్చింది, నాకు కాదు, చీఫ్‌కు. మినహాయింపు ఎవరికీ లేదట. నలుగురు శిక్షకులనూ తక్షణం ఆపమన్నారు. నలుగురు ఆగితే బడే ఆగుతుంది. ఆ మధ్యాహ్నం మా అంతస్తులో తలుపులు ధడాధడా పడ్డాయి. చీఫ్ గడియారం చూసుకోవడం మానేశారు.

మర్నాడు పొద్దున నేను ఏదో పని మీద నమూనా షెడ్డుకు వెళ్ళాను. వడ్రంగి మేస్త్రీ పెడళ్ళ కింద రెండు పట్టాలు బిగిస్తున్నాడు. పక్కన ఒక పిన్ను, ఏడు రంధ్రాలు. పిన్ను లాగి పెడళ్ళు ముందుకో వెనక్కో జరుపుకుని మళ్ళీ గుచ్చడమే.

"అప్పుడే డ్రాయింగు వచ్చిందా మేస్త్రీ?"

"కొత్తగా గీసిందేం కాదమ్మా. అయ్యగారి సొరుగులో ఉన్నదే. చలికాలంలోనే నాకు చూపించారు, రెండు పూటల పని అని చెప్పాను కూడా. తర్వాత ఎందుకో వద్దన్నారు."

డ్రాయింగు బల్ల మీద పరిచి ఉంది. మూల మా ఆయన సంతకం. తేదీ చూశాను. నేను మొదటి మనిషి మోకాలి మీద టేపు పెట్టడానికి రెండు నెలల ముందుది.

పిట్టను తీసేసిన రోజు అది ఆయన సొరుగులోనే ఉంది. ఎవరికి కావాలి నీ నిజం అని నన్ను అడిగిన రోజు కూడా.

సాయంత్రం ఇంటికొచ్చాక పిట్ట గది తలుపు దగ్గర నిలబడి చెప్పాను. పుస్తకంలోంచి తలెత్తకుండా వింది.

"ఏ తేదీ?" అంది. ఇరవై రోజుల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట.

చెప్పాను.

పుస్తకం మూసి, మంచం మీద కొంచెం పక్కకు జరిగింది. నేను వెళ్ళి కూర్చున్నాను.

*

నోటీసు తీసేశారు. కానీ పిట్ట చోటు అప్పటికే ఇంకెవరికో ఇచ్చేశారు. తర్వాతి బ్యాచిలో తిరిగి తీసుకోవాలంటే కమిటీ సంతకాలు కావాలి. కమిటీలో చీఫ్ ఒకరు.

వానలు వెనకబట్టిన ఒక ఆదివారం మా ఆయన చీఫ్‌ను మధ్యాహ్న భోజనానికి పిలిచారు. జరిగే పెడళ్ళ గురించి కర్మాగారం పత్రికలో వ్యాసం వచ్చింది. పట్టాల పక్కన మా ఆయన ఫోటో, ఒక చెయ్యి పిన్ను మీద. బల్ల చుట్టూ నలుగురం కూర్చున్నాం.

"మీకు ఈ ఆలోచన ఎలా వచ్చిందయ్యా?" అని అడిగారు చీఫ్, తెలియనట్టే.

మా ఆయన మంచినీళ్ళు తాగి గ్లాసు పెట్టారు. "ఇంట్లో చెల్లెలుంది కదండీ. దీన్ని చూస్తూ ఎలా ఊరుకుంటాను? మొదట్నుంచీ నా మనసులో ఉన్నదే. కాస్త టైము పట్టింది, అంతే." చెల్లెలి భుజం తట్టారు. కళ్ళు చెమర్చాయి. నటన కాదు, నేను ఆయన్ని పద్నాలుగేళ్ళుగా ఎరుగుదును. నిజంగానే చెమర్చాయి.

"అదృష్టవంతురాలివమ్మా," అన్నారు చీఫ్.

నేను పిట్ట వంక చూశాను. అది నవ్వింది. పళ్ళన్నీ కనపడేలా, చక్కగా నవ్వింది.

"అంతా అన్నయ్య చలవే సార్," అంది.

చీఫ్ సంతోషంగా తలూపి ఇంకో ముద్ద తీసుకున్నారు. పిట్ట నెమ్మదిగా లేచి, కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. కాసేపటికి నేనూ వెళ్ళాను. కుళాయి తిప్పి, దోసిట్లో నీళ్ళు పట్టి, పుక్కిలించి ఉమ్ముతోంది. మళ్ళీ పట్టింది. మళ్ళీ ఉమ్మింది.

"నోరంతా అదోలా ఉంది వదినా."

నేను దాని జడ సింకులో పడకుండా వెనక్కి పట్టుకుని నిలబడ్డాను.

"ఎక్కడికి పోయారిద్దరూ?" ముందు గదిలోంచి మా ఆయన గొంతు. "కాఫీ!"

ఇంకోసారి పిలిచారు. తర్వాత కుర్చీ జరిగిన చప్పుడైంది. ఆయనే వచ్చి, మా ఇద్దర్నీ చూసి, తనే గిన్నె స్టవ్ మీద పెట్టుకున్నారు.

సంతకాలు అయ్యాయి. పిట్ట తర్వాతి బ్యాచిలో చేరింది. చలి మొదలయ్యేలోపు నేనూ అదీ ఎయిర్‌ఫీల్డు పక్కన రెండు గదుల ఇల్లు తీసుకుని వచ్చేశాం. సామాను సర్దుతున్నప్పుడు మా ఆయన పెట్టెలు కట్టడంలో సాయం కూడా చేశారు. నాతో పోట్లాడలేదు, కారణం అడగలేదు.

అడిగినవాళ్ళకు ఇప్పటికీ ఒకటే చెబుతారట. దానికి పొద్దున్నే ఎగరాలి కదా, దగ్గరగా ఉంటుందని నేనే పంపించాను అని. అది కూడా ఆయన నమ్మే చెబుతూ ఉంటారు.